ద్వీపదర్శనం – ఉదకఋణం

ఇరువైపులా జలం కలది ద్వీపమని శబ్దవ్యుత్పత్తి. ‘ద్వి’ శబ్దానికి ‘అప్’ శబ్దం చేరి ఆ పదం నిష్పన్నమైనది. భూమి ద్వీపం కావడానికి రెండు మార్గాలున్నాయి. జలమధ్యం నుండి భూమి పైకి లేవడం ఒకటి, భూమి చుట్టూ జలం పైకి రావడం రెండవది. ఉత్తరధ్రువవృత్తానికి సమీపంలో ఉన్న ఐస్‌లాండ్ దేశపు దక్షిణతీరాన 1963 నవంబరులో సముద్రగర్భాగ్ని బద్దలై సర్ట్‌సే అనే కొత్త ద్వీపం పుట్టింది. 1967 జూన్‌లో ఆ అగ్ని శాంతించింది. అదే సంవత్సరం ఆగస్టు 4వ తేదీన నాగార్జునసాగరం నుండి కాలువలకు నీరు విడిచారు. ఆ సాగరం నిండుతూ ఉండగా ఒక లోయ మునిగి, లోయ మధ్యనున్న కొండ శిఖరం ద్వీపమై మిగిలింది. అదే నాగార్జునకొండ. అగ్ని ఇచ్చిన ద్వీపాన్ని చూడడానికి సముద్రాలు దాటవలసి ఉంటుంది. జలం ఇచ్చిన ద్వీపానికి పానగల్లు నుండి ఒక్క పగటి ప్రయాణం చాలు.

పానగల్లు కందూరు చోడుల రాజధాని. ఛాయాసోమేశ్వరుడు, పచ్చల సోమేశ్వరుడు కొలువైన క్షేత్రం. ఇక్కడి భక్తులు కాశీరామేశ్వరాలకు వెళ్తారు, శ్రీశైలానికి వెళ్తారు. నాగార్జునకొండకు మాత్రం విహారయాత్రగానే వెళ్తారు. అక్కడ ధూపదీపనైవేద్యాలు లేవు, తీర్థప్రసాదాలు లేవు. అయినా వేదమార్గంలో నడిచేవాడు ఒక్కసారైనా ఆ ద్వీపాన్ని యాత్రాబుద్ధితో దర్శించవలసి ఉన్నది.

నల్లగొండ దాటి హాలియా మీదుగా దారి సాగుతుంది. మొదట ఎర్రనేలలు, బండరాళ్ల గుట్టలు, పత్తిచేలు. హాలియా దాటి ఎడమ కాలువ ఆయకట్టు చేరగానే భూమి రంగు మారి వరిపొలాలు కన్నుల పండువు చేస్తాయి. తరువాత హిల్ కాలనీ, పైలాన్ కాలనీ వస్తాయి. ఇవి పురాణప్రసిద్ధ నగరాలు కావు, ఆనకట్ట కట్టినవారి కోసం వెలసిన నివాసాలు. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన ఆ ఆనకట్ట ప్రధానంగా రాతికట్టడం. వేలాది శ్రామికులు రాయి మీద రాయి పేర్చి కృష్ణవేణిని నిలిపారు. దేవాలయశిల్పుల పేర్లు తెలియనట్లే వారి పేర్లూ లోకానికి తెలియవు.

లాంచీ ఎక్కిన తరువాత జలమే దిక్కు. సుమారు 11 కిలోమీటర్ల దూరం. నీటికాకులు రెక్కలు చాచి రాళ్లపై ఎండ కాగుతుంటాయి. దూరాన నల్లమల శ్రేణులు నీలంగా కనిపిస్తాయి. నీటిమట్టం తగ్గిన కాలంలో ఒడ్డునున్న కొండల పాదాల వెంట పచ్చదనం లేని పట్టీ ఒకటి తేలుతుంది. అంతవరకు నీరు ఉండేదని, ఆ నీటి కింద ఒకప్పుడు ఊళ్లుండేవని ఆ గీత చెబుతుంది. లాంచీలో పిల్లలు కేరింతలు కొడుతుంటారు. వారు దాటుతున్నది ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మీదుగా అని వారికి చెప్పేవారు అరుదు.

క్రీ.శ. 3, 4 శతాబ్దాలలో ఆ లోయలో విజయపురి వర్ధిల్లింది. ఇక్ష్వాకు వంశస్థాపకుడు శాంతమూలుడు అగ్నిష్టోమ వాజపేయ అశ్వమేధాలు చేసినవాడని, విరూపాక్షపతి అయిన మహాసేనుని అనుగ్రహపాత్రుడని శాసనాలు కీర్తించాయి. గోవులను, నాగళ్లను లక్షల సంఖ్యలో దానం చేశాడని కూడా అవి చెప్పాయి. అదే వంశపు స్త్రీలు బౌద్ధచైత్యాలకు, విహారాలకు మహాదాతలు. అన్న సోమయాజి, చెల్లెలు శాంతిశ్రీ మహాచైత్యపోషకురాలు. ఒకే గృహంలో రెండు మార్గాలు కలహం లేకుండా నడిచాయి. ఆ లోయలో కార్తికేయునికి, పుష్పభద్రస్వామికి, అష్టభుజస్వామికి ఆలయాలుండేవి.

1926లో ఈ స్థలం పురాతత్త్వశాఖ దృష్టికి వచ్చింది. జలాశయం నిశ్చయమయ్యాక 1954 నుండి 1960 వరకు త్వరితగతిన తవ్వకాలు జరిగాయి. అశ్వమేధావభృథానికి సంబంధించినదని పురాతత్త్వజ్ఞులు తలచిన కుండం బయటపడింది. అష్టభుజస్వామి నామం చెక్కిన శంఖం దొరికింది. స్వామి మూర్తి మేడిమ్రానుతో చేసినదని శాసనపాఠాన్ని బట్టి పండితులు గ్రహించారు. దారువు కాలగర్భంలో కలిసింది, శంఖం నిలిచింది. ఏ అర్చకుడు ఆ శంఖంలో ఉదకం నింపి స్వామికి అభిషేకించాడో, ఏ సంధ్యలో చివరిసారి దానిని కడిగి పెట్టాడో తెలియదు. నిత్యం శంఖం చేతబట్టే అర్చకునికి ఈ ఒక్క వస్తువు చాలు, పదిహేడు శతాబ్దాల దూరం తొలగిపోతుంది.

కొన్ని కట్టడాలను రాయి రాయిగా విడదీసి కొండపైన తిరిగి కట్టారు. మహాచైత్యం, స్నానఘట్టం అక్కడ దర్శనమిస్తాయి. 1966లో ప్రదర్శనశాల తెరిచారు. ఇక్కడ సాధకునికి సందేహం కలుగుతుంది. స్థానం మారిన శిలకు పవిత్రత ఉంటుందా? ఆగమం ప్రకారం జీర్ణోద్ధరణకు ముందు కళాకర్షణం చేసి దేవతాశక్తిని కుంభంలోకి ఆవాహన చేస్తారు, తరువాతనే శిలను కదుపుతారు. విజయపురిలో పూజలు ఆగి ఎన్నో శతాబ్దాలు గడిచాయి. కనుక అక్కడి రాళ్లకు పూలు పెట్టడం విధి కాదు. కాని ఆచార్యుని పాదుకలకు నమస్కరించేవాడు ఆచార్యుడు పాదుకలలో ఉన్నాడని భ్రమించడు గదా! ఆ రాళ్లను అదే భావంతో చూడాలి.

రాళ్లకు స్థానం దొరికింది. మనుష్యుల సంగతి? తవ్వకాల కాలానికి ఆ లోయలో పుల్లారెడ్డిగూడెం వంటి పల్లెలుండేవి. అక్కడివారు ఇల్లు, పొలం, గ్రామదేవత గద్దె, పితరులను దహించిన శ్మశానం విడిచి వెళ్లారు. అవభృథకుండాన్ని కొలిచి గీసిన పటాలున్నాయి. వారి గడపలకు పటాలు లేవు. ద్వీపదర్శనంలో అందరూ మరచే భాగం ఇదే.

మధ్యాహ్నం చెట్టునీడన యాత్రికులు మూటలు విప్పుతారు. పులిహోర, దద్ధ్యోదనం, కొందరి దగ్గర జొన్నరొట్టెలు, పచ్చిమిరప తొక్కు. తీరానికి తిరిగి వస్తే వేయించిన కృష్ణచేపల వాసన, సీతాఫలాల కాలంలో వాటి గంపలు. సాత్త్వికాహారనియమం కలవాడు తన మూటతో తృప్తిపడతాడు. ఆ మూటలోని అన్నం ఎక్కడిదని విచారిస్తే మాత్రం అది కూడా ఈ నీటి వరమే. ఎడమ కాలువ పారిన పొలాల్లో పండి, మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యమై, నల్లగొండ సీమ ఇళ్లకు, గుళ్లకు చేరిన అన్నమది.

విచారణ అక్కడితో ఆగదు. సాగరతీరాన పుట్టంగండి వద్ద కృష్ణాజలాన్ని ఎత్తి అక్కంపల్లి జలాశయానికి చేరుస్తారు. అక్కడి నుండి కాలువ వెంట ఆ నీరు పానగల్లు ఉదయసముద్రానికి వస్తుంది. కందూరు చోడుల కాలపు ఆ తటాకం ఇప్పుడు విజయపురిని ముంచిన నీటితోనే నిండుతున్నది. భూగర్భజలంలోని ఫ్లోరైడు వలన తరతరాలుగా ఎముకలు వంగి, పళ్లు పాడై బాధపడిన నల్లగొండ సీమకు ఈ నదీజలం ప్రాణదానం. ఎవరి గడప మునిగిందో, వారి గడప మీది నీరు ఇక్కడి పసిబిడ్డల వెన్నెముకను నిటారుగా నిలిపింది. ఈ రెండు మాటలలో ఏ ఒక్కటి విడిచినా అసత్యమే అవుతుంది.

ఛాయాసోమేశ్వరుని గర్భగృహంలో లింగం వెనుక నిలిచే స్తంభచ్ఛాయను భక్తులందరూ చూస్తారు. సూర్యుడు కదిలినా అది పగలంతా కదలదు. ఏ స్తంభానిదా ఛాయ అని వెతికినవారికి ఒక్క స్తంభం దొరకదు. అనేక స్తంభాల మీదుగా చెదరి వచ్చిన వెలుతురు కలిసి ఆ ఒక్క ఛాయను నిలుపుతుందని వివరిస్తారు. గృహస్థుని అన్నపానాలు కూడా అటువంటివే. వాటి వెనుక ఒక్క దాత కనబడడు. కనబడనంత మాత్రాన దాతలు లేరనరాదు.

దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అందరికీ తెలిసినవే. శతపథ బ్రాహ్మణం నాలుగవదిగా మనుష్యఋణాన్ని చెప్పింది. ఆశ్రయం ఇవ్వడం వలన, అన్నం పెట్టడం వలన అది తీరుతుందని కూడా చెప్పింది. విజయపురి లోయవాసులు కోల్పోయినది ఆశ్రయం, ఈ సీమ పొందినది అన్నోదకాలు. కనుక ఈ ఋణం తీరే మార్గం శ్రుతిలోనే ఉన్నది. ఊరు విడిచి వచ్చినవాడు, కూలికి వలస వచ్చినవాడు గడప ముందు నిలిస్తే అతనిని కూర్చోబెట్టి అన్నం పెట్టడమే ఆ ద్వీపయాత్రకు ఫలశ్రుతి.

తర్పణవిధిలో బంధువులు కానివారికి, పేరు తెలియనివారికి సైతం ఉదకం విడిచే సందర్భం ఉన్నది. ఉదయసముద్రజలంతో తర్పణం చేసేవారు ఆ క్షణంలో శంఖం పట్టిన అజ్ఞాత అర్చకుని, రాయి మోసిన శ్రామికుని, పుల్లారెడ్డిగూడెం గృహస్థుని స్మరించాలి. అంజలిలో ఉన్నది వారి మీదుగా వచ్చిన నీరే.