ఉప్పుగాలిలో కొలిమి

నెల్లూరు నుండి తూర్పుగా, ఇందుకూరుపేట మీదుగా మైపాడుకు వెళ్ళే దారిలో మొదట వరిపొలాలు కనిపిస్తాయి. ఆ తరువాత రొయ్యల గుంటలు, కొబ్బరిచెట్లు, ఆపైన బకింగ్‌హాం కాలువ. పెదగంజాం నుండి తమిళనాడులోని మరక్కాణం వరకు తీరం వెంబడి సాగే ఉప్పునీటి కాలువ ఇది. దీనిని సమీపించేసరికి పెదవులకు ఉప్పు తగులుతుంది. ఆ ఉప్పే ఇక్కడి ఇనుముకు శత్రువు. కిటికీ చువ్వలు, సైకిలు గొలుసులు, తలుపుల మడతబందులు, ఏవీ దాని బారి నుండి తప్పించుకోలేవు.

పూర్వం ఈ కోరమండల్ తీరంలో తిరిగిన మసూలా పడవలకు మేకులు ఉండేవి కావు. పలకకు పలకను కొబ్బరిపీచు తాడుతో కుట్టేవారు. ఒడ్డున విరుచుకుపడే కెరటాల దెబ్బకు మేకులు వదులైపోతాయి, కుట్టిన పడవ మాత్రం వంగి తట్టుకుంటుంది. అరబ్బు నావికుల పాత ఓడలు కూడా ఇలా కుట్టినవే. అయినా ఇనుము లేకుండా తీరవాసులకు రోజు గడవదు. వరికోతకు కొడవలి కావాలి, రొయ్యల గుంట గట్టుకు పార కావాలి, పడవ నిలవడానికి లంగరు కావాలి. 'లంగరు' అనే మాటే పారసీకం నుండి మన తెలుగులోకి వచ్చి స్థిరపడింది.

ఇక్కడికి కొద్ది దూరంలోనే, దక్షిణాన, కృష్ణపట్నం రేవు ఉంది. 2008లో ప్రారంభమైన ఆ రేవు నుండి తొలి సంవత్సరాలలో ఇనుప ఖనిజం ఓడలకెక్కి విదేశాలకు తరలిపోయింది. లక్షల టన్నుల ఇనుపరాయి కదిలిన ఈ తీరంలో, ఒక్క కొడవలిని సాగగొట్టి పదును పెట్టగల కొలిమి కోసం మేము ఊరూరా విచారించవలసి వచ్చింది. ఇంటి పెరటిలో చిన్న కొలిమి పెట్టుకోవాలని మా పిల్లలు ఇద్దరూ ముచ్చటపడుతున్నారు. వస్తువులు అమర్చుకోవడానికి ముందు, ఆ పనిలోనే జీవితం గడిపిన వారి వద్ద కూర్చోవడం మంచిదని మేము భావించాము.

మైపాడు దారికి పక్కనున్న ఒక పల్లెలో, వేపచెట్టు కింద తాటాకు పందిరిలో ఆ కొలిమి కనిపించింది. డెబ్బై ఏళ్ళు దాటిన ఆచారి గారు ఒక్కరే పని చేస్తున్నారు. తోలుతిత్తి స్థానంలో చేతితో తిప్పే గాలిచక్రం వచ్చింది. నేలలో పాతిన దుంగ మీద దాగలి, పక్కన సుత్తులు, సమ్మెట, రెండు మూడు పట్టకార్లు, నీళ్ళతొట్టి. నిప్పుల్లో ఉన్నది సర్కారు తుమ్మ బొగ్గు. ఈ తీరంలో దానికి కొరత లేదు.

"ఇంత చీకటిగా ఉందేమిటి ఆచారి గారూ, లైటు పెట్టించుకోకూడదా?" అని అడిగాము.

"లైటు పెడితే నాకు ఇనుము కనిపించదు నాయనా" అన్నారాయన.

ఆ మాటకు అర్థం కొంతసేపటికి తెలిసింది. కమ్మరికి ఉష్ణమాపకం అతని కన్నే. ఇనుము మొదట మసక ఎరుపుకు వస్తుంది. అది ఇంకా కొట్టే వేడి కాదు. పండు ఎరుపు దాటి నారింజ రంగుకు, ఆపైన పసుపుకు వచ్చినప్పుడు, అంటే సుమారు 900 నుండి 1200 డిగ్రీల మధ్య, అది సుత్తి మాట వింటుంది. అంతకు మించి తెల్లబడి రవ్వలు చిమ్మితే ఇనుము మాడిపోతున్నదని గుర్తు. ఎండ వెలుతురులో ఈ రంగులు మోసం చేస్తాయి. అందుకే కొలిమి నీడలో ఉండాలి.

మా అబ్బాయి ఎర్రని చువ్వను దాగలిపై పెట్టి ఉత్సాహంగా కొట్టసాగాడు. ఎరుపు తగ్గినా సుత్తి ఆగలేదు. ఆచారి గారు వాడి మణికట్టు పట్టుకున్నారు. "చల్లారినాక కొడితే దెబ్బ ఇనుముకు కాదబ్బాయా, నీ చేతికే. మళ్ళీ నిప్పులో పెట్టు." మా అమ్మాయి గాలిచక్రం తిప్పుతూ ఒక్కో రంగును పుస్తకంలో రాసుకున్నది.

తరువాత ఆయన ఒక కక్కు కొడవలిని సిద్ధం చేశారు. ఉలితో అంచున సన్నని పళ్ళు కొట్టి, అంచును మాత్రమే ఎర్రగా కాల్చి ముంచారు. అలా ముంచిన ఉక్కు గట్టిపడుతుంది కానీ గాజులా పెళుసు. కనుక అంచును రాయితో మెరిసేలా రుద్ది, వీపు వైపు నుండి మెల్లగా వేడి ఎక్కించారు. మెరుపు మీద గడ్డి రంగు, తేనె రంగు, ఊదా, నీలం వరుసగా పాకుతూ వస్తాయి. తేనె రంగు అంచుకు చేరగానే మళ్ళీ చల్లార్చారు. నీలం దాకా పోనిస్తే అంచు మెత్తబడి పదును నిలవదు. అర నిమిషంలో ముగిసే ఈ పనిలోనే కొడవలి ప్రాణం ఉన్నది.

ఇంట ఈ అభ్యాసం మొదలుపెట్టేవారికి పెద్ద పెట్టుబడి అక్కరలేదు. పాత ఇనుప మూకుడులో బంకమట్టి మెత్తి, అడుగున ఒక గొట్టం అమర్చి, చేతి గాలిచక్రం తగిలిస్తే కొలిమి సిద్ధం. ఒక కిలో సుత్తి, ఒక పట్టకారు చాలు. దాగలికి బదులు మందపాటి ఉక్కు దిమ్మ వాడవచ్చు. రైలుపట్టా ముక్క ఇంకా మేలే, కానీ అది ఎక్కడిదో తెలియకుండా తీసుకోరాదు. రైల్వే ఆస్తిని అక్రమంగా ఉంచుకోవడం 1966 నాటి చట్టం ప్రకారం నేరం. హలాల్ కాని దాగలిపై నేర్చుకున్న విద్యలో శుభం ఎక్కడిది?

తొలి పనిగా ఇల్లు కట్టగా మిగిలిన సన్నని చువ్వతో ఒక కొక్కెం చేయండి. మొన తీయడం, వంచడం, మెలితిప్పడం, మూడు పాఠాలూ అందులోనే ఉన్నాయి. ఆ తరువాత మేకు, గోడ కొక్కెం, ఉలి. కత్తికి మెత్తని చువ్వ పనికిరాదు. లారీ కమాను పట్టీ, అరిగిన ఆకురాయి వంటి ఉక్కు కావాలి. కమాను ఉక్కును నీళ్ళలో ముంచితే పగులుతుంది, నూనెలో ముంచాలి. రంగు గుర్తించలేని వారికి అయస్కాంతం తోడు: సుమారు 770 డిగ్రీల వద్ద ఇనుము అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అంతకు కొద్దిగా మించిన వేడే ముంచడానికి తగినది.

జాగ్రత్తలు మరువరాదు. తీరప్రాంతంలో ఎక్కడ చూసినా జింకు పూసిన గొట్టాలు, తీగలే. వాటిని కొలిమిలో పెట్టకండి, వెలువడే పొగ విషం. నైలాను బట్టలు వద్దు, నూలు బట్టలే కట్టుకోవాలి. కళ్ళకు అద్దాలు, కాళ్ళకు మూసిన చెప్పులు, పక్కన నీళ్ళు, ఇసుక తప్పనిసరి. చేసిన వస్తువును నల్లని వేడి మీద ఉండగానే అవిసెనూనె గుడ్డతో తుడిస్తే పైన పొర కట్టి ఉప్పుగాలిని కొంతకాలం ఆపుతుంది. వాడిన పనిముట్టును మంచినీటితో కడిగి, ఆరబెట్టి, నూనె రాయాలి.

ఈ విద్య మనకు పరాయిది కాదు. తిరగళ్ళకు, రోళ్ళకు కక్కు కొట్టి బ్రతికిన తురక కాశ, జింక సాయిబుల కుటుంబాలు ఉలి పదును కోసం కమ్మరి గడపే తొక్కేవి. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో తయారైన ఉక్కు కోసం ఇరాన్ వర్తకులు వచ్చేవారు. హిందూ దేశపు ఉక్కుతో చేసిన ఖడ్గాన్ని అరబ్బులు 'ముహన్నద్' అన్నారు. 9వ శతాబ్దంలో అల్‌కిందీ ఖడ్గాల రకాలపై ఒక గ్రంథమే రచించారు. ఇనుము మెత్తన చేయబడిన ప్రవక్త హజ్రత్ దావూద్ (అ). తొలి ముస్లిములలో ఒకరైన హజ్రత్ ఖబ్బాబ్ (రజి) మక్కాలో కమ్మరి. దైవప్రవక్త (స) తమ చిన్నారి కుమారుడు ఇబ్రాహీంను పాల కోసం ఉంచినది మదీనాలో అబూ సైఫ్ అనే కమ్మరి ఇంట; ఆ పొగనిండిన ఇంటికే వెళ్ళి బిడ్డను ముద్దాడేవారు.

అటువంటి పనిని మన ఇళ్ళలో ఇప్పుడు తక్కువచూపు చూస్తున్నాము. వెల్డింగు షెడ్డులో పనిచేసే అబ్బాయికి సంబంధం చూడడానికి వెనుకాడుతున్నాము. ఆచారి గారి కుమారులు ఇద్దరూ ఊరు విడిచి వేరే కొలువులు చూసుకున్నారు. "నా తరువాత ఈ నిప్పు ఎవరు రాజేస్తారో!" అని ఆయన అన్నప్పుడు మా వద్ద జవాబు లేదు. తేనె రంగు అంచుకు చేరే క్షణం ఏ పుస్తకంలోనూ పూర్తిగా దొరకదు. అది ఒక కన్ను మరో కంటికి చూపవలసిన సంగతి.

మీ ఊరి సమీపంలో కొలిమి ఇంకా వెలుగుతూ ఉంటే, పిల్లలను వెంటబెట్టుకొని ఒక ఉదయం వెళ్ళండి. ఊరికే చూసి రాకండి. మొద్దుబారిన కత్తిపీటో, అరిగిన పారో పట్టుకెళ్ళి పని ఇవ్వండి. పిల్లల చేత గాలిచక్రం తిప్పించమని కోరండి. నేర్పిన పూటకు కూలి వేరుగా లెక్కకట్టి, చెమట ఆరకముందే చేతిలో పెట్టండి.