నోరు లేని జీవి నోరు

గిన్నెలో పెరుగన్నం వాసన చూసి కుక్క వెనక్కి జరిగితే, "ముసలిదైపోయింది, తిండి తగ్గింది" అనుకుంటారు ఇంట్లోవాళ్లు. చాలాసార్లు తగ్గేది ఆకలి కాదు. నమిలితే నొప్పి, అంతే.

కుక్కకు 42 పళ్లు. వాటి మీది పాచి కొద్ది రోజుల్లోనే గారగా గట్టిపడుతుంది. చిగుళ్లు వాచి, రక్తం కారి, చివరికి పన్ను కదులుతుంది. అయినా చాలా కుక్కలు మూలగవు. ఒకవైపే నములుతాయి, మూతి ముట్టుకోనివ్వవు. నోటి దుర్వాసన వాటికి మామూలే అనుకోవడమే పొరపాటు.

మెత్తటి బ్రష్, కుక్కల కోసమే చేసిన పేస్టు, రోజూ రెండు నిమిషాలు చాలు. మనుషుల పేస్టు వద్దు. కొన్నింటిలో ఉండే జైలిటాల్ కుక్కకు విషం. గార కట్టాక బ్రష్‌తో పోదు, పశువైద్యుడు మత్తిచ్చి తీయాల్సిందే.

తోక ఊపుతోంది కదా అని నొప్పి లేదనుకోకండి. అప్పుడప్పుడూ పెదవి ఎత్తి చూడండి.