ముప్పై ఏళ్ల తర్వాతి పద్దు

1995లో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఎం.బి.ఏ. ముగించిన మేము ముప్పై ఏళ్లకు మళ్లీ కలుసుకున్నాము. ఒకరు బెంగళూరులో బ్యాంకు అధికారి, ఒకరు దుబాయిలో వ్యాపారి, ఇద్దరు అమెరికాలో స్థిరపడ్డారు. ముగ్గురు ఈ లోకంలో లేరు.

సోమలకు చెందిన మా మిత్రుడు, తండ్రి మంచం పట్టడంతో చెన్నైలోని ఉద్యోగం వదలి ఊరు చేరాడు. తండ్రిని చివరిదాకా చూసుకున్నాడు. ఇప్పుడు మదనపల్లె మార్కెట్టులో టమాటా మండీ నడుపుతున్నాడు. ధర పడిపోయి రైతుకు బండి బాడుగ కూడా గిట్టని రోజున అతడు కమీషను తీసుకోడు.

లాభనష్టాల పట్టిక వ్రాయడం మేమంతా ఒకే తరగతిలో నేర్చుకున్నాము. ఆ వదులుకున్న కమీషను ఏ పద్దు కింద చేరుతుందో అక్కడెవరూ చెప్పలేదు. సంపాదన హలాల్ కావాలని మన ఇళ్లలో పెద్దలు చెప్పే మాటకు అర్థం ఆ మండీలో కనిపిస్తుంది. ఉద్యోగాలకు బయలుదేరే మన పిల్లలకు జీతాల లెక్కతో పాటు ఈ లెక్కనూ చెబుదాం.