ఒక్క ప్రకరణం

కళ్ళలో శుక్లాలు తీయించాక కూడా మా అత్తగారు పుస్తకం ముట్టుకోలేదు. "ఇంకా ఏం చదువుతాం లేవే, చదివినవి చాలు" అంటే నిజమే కాబోలనుకున్నాను. తీరా ఒకనాడు, పోపులడబ్బా కింద పరిచిన పాత వారపత్రిక కాగితాన్ని కళ్ళకానించుకుని చదువుతూ దొరికిపోయారు!

ఆరోజే మావారితో పోరు మొదలెట్టాను. "ఫోనుందిగా" అన్నారాయన. ఫోన్లో అక్షరం పెద్దది చేస్తే తెరకి నాలుగే లైన్లు. కథ రసపట్టులో ఉండగా గ్యాసు బుకింగు మెసేజీ!

"అయితే కిండిల్" అంది అమ్మాయి. 2007లో పుట్టిన ఆ సరుకు గుణం కాదనను. తెర వెనకనుంచి వెలుగు కళ్ళల్లోకి కొట్టదు. నలుపూ తెలుపూ రేణువులు కరెంటుతో కదిలి, కాగితం మీది అచ్చులా నిలుస్తాయి. ఒకసారి ఛార్జి చేస్తే వారాల తరబడి వస్తుంది. నాకు తెగ నచ్చింది. కానీ అత్తగారు అడిగేవి పాత నవలలు. మాకు దొరికినవన్నీ పేజీలకి తీసిన ఫొటోలే. వాటిలో అక్షరం ఒక్కటే పెరగదు, పేజీ అంతా పెరుగుతుంది. ఆరంగుళాల తెరమీద అటూ ఇటూ జరుపుకుంటూ చదవాలి.

చివరికి మనవడు ఆడి ఆడి వదిలేసిన పదంగుళాల టాబ్లెట్టే దిక్కయింది. చేతికి బరువని, వ్యాసపీఠం మీద పెట్టిచ్చాను.

మొన్న అర్ధరాత్రి లేచి చూద్దునుగదా, దాని ముందు ఆవిడ!

"కళ్ళు పాడవుతాయి, పడుకోండత్తయ్యా."

"ఒక్క ప్రకరణమే!"

కాపురానికొచ్చిన కొత్తల్లో, నవలతో దొరికిపోయినప్పుడు నేనూ ఆవిడతో అదే అన్నాను. అప్పుడు ఆవిడ దీపం ఆర్పలేదు. నేనూ ఆర్పకుండా వచ్చేశాను.