ఢిల్లీ నుంచి లేహ్ దాకా

ఢిల్లీ ఇందిరాగాంధీ విమానాశ్రయానికీ, లేహ్‌లోని కుశోక్ బకుల రింపోచే విమానాశ్రయానికీ మధ్య వైమానిక దూరం సుమారు 620 కిలోమీటర్లు. రెండూ దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నందున విమానం ఇంచుమించు సూటిగా ఉత్తరానికే సాగుతుంది. పట్టే కాలం గంటన్నర లోపే. రోడ్డు మార్గాన పోయేవారికి మనాలి నుంచే సాధారణంగా రెండు రోజుల ప్రయాణం. ఈ లెక్క చూసినవారికి విమానమే మేలనిపించడం సహజం. అయితే ఈ లెక్కలో చేరని అంకె ఒకటున్నది. ఢిల్లీ విమానాశ్రయం సముద్రమట్టానికి 237 మీటర్ల ఎత్తున ఉంది. లేహ్‌ది 3,256 మీటర్ల ఎత్తు. టికెట్టు మీద బయలుదేరే వేళ, చేరే వేళ ముద్రిస్తారు గాని ఎత్తు ముద్రించరు. ముద్రిస్తే మంచిదే.

మూడు కిలోమీటర్ల ఈ నిలువు దూరాన్ని యంత్రం దాటినంత సులభంగా శరీరం దాటలేదు. లేహ్‌లో గాలి పీడనం సముద్రతీరంలో ఉండే దానిలో మూడింట రెండు వంతులు మాత్రమే. సాధారణంగా విమానం దిగుతున్నకొద్దీ లోపలి పీడనం పెరుగుతుంది. ఇక్కడ తగ్గించవలసి వస్తుంది. అంటే ఆకాశంలో విమానం లోపల ఉన్న గాలి కన్నా నేల మీది గాలి పలుచన! మెట్లు దిగి, పెట్టె పట్టుకొని నాలుగడుగులు వేసేసరికి ఆ సంగతి గుండెకు తెలుస్తుంది. మొదటి రెండు రోజులు విశ్రాంతి తీసుకొమ్మని వైద్యులు చెబుతారు. గంటన్నరలో ముగిసిందనుకున్న ప్రయాణం బస గదిలో, మంచం మీద మరో 48 గంటలు సాగుతుందన్నమాట. నాలుగు రోజుల సెలవు మీద వచ్చిన ఉద్యోగికి ఈ సలహా రుచించదు. మరునాడే అయిదు వేల మీటర్లు దాటిన చాంగ్ లా కనుమ మీదుగా పాంగోంగ్ సరస్సుకు బయలుదేరేవారున్నారు. తలనొప్పి, వికారంతో పోతే అదృష్టమే. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే ప్రాణాపాయం. అప్పుడు ఆలస్యం చేయక కిందికి దించడమే ప్రధాన చికిత్స.

ఈ నేల మీద తొలి విమానం 1948 మే 24న దిగింది. ఇంజనీరు సోనమ్ నోర్బు స్థానికుల శ్రమతో సింధు లోయలో సిద్ధం చేసిన ఇసుక పట్టీ మీద ఎయిర్ కమోడోర్ మెహర్ సింగ్ డకోటాను దించారు. మేజర్ జనరల్ తిమ్మయ్య ఆయన వెంట ఉన్నారు.

నేటికీ ఇక్కడి రాకపోకలు ప్రధానంగా ఉదయం వేళల్లోనే. పొద్దెక్కితే లోయలో గాలులు రేగుతాయి; వేడెక్కిన గాలి మరింత పలుచబడి రెక్కలకు, ఇంజన్లకు బలం చాలదు. 2024 జులైలో ఎండ తీవ్రత వల్లనే కొన్ని విమానాలు రద్దయ్యాయి. శీతకాలపు ఇబ్బంది వేరు. కనుమలు మంచుతో మూసుకుపోయిన రోజుల్లో పెద్ద ఆసుపత్రికి చేరవలసిన లద్దాఖీ రోగికి ఈ ఆకాశమార్గం ఒక్కటే దిక్కు. మబ్బు దిగితే కాలపట్టికలోని గంటన్నర మరునాటి ఉదయానికి వాయిదా పడుతుంది. ఆ ఉదయమైనా కొండ మీది మబ్బును బట్టే.