సంచులు కట్టాక

వంజంగి కొండ పాడేరు పక్కనే ఉంటుంది. విశాఖపట్నం నుంచి వంద కిలోమీటర్ల పైచిలుకు. కొన్నేళ్ళ కిందటి దాకా చుట్టుపక్కల గూడేలవాళ్ళకు తప్ప బయటివాళ్ళకు దాని పేరు కూడా పెద్దగా తెలియదు. మేఘాల మీదుగా సూర్యుడు లేచే వీడియోలు ఫోన్లలో తిరగడం మొదలయ్యాక చలికాలం శని, ఆదివారాల్లో ఘాట్ రోడ్డు కార్లతో నిండిపోతోంది. రాత్రి పైన టెంట్లు వేసుకుని, తెల్లారి ఫొటోలు తీసుకుని దిగిపోతారు. తెచ్చుకున్నవన్నీ పైనే వదిలేస్తారు.

కొత్త సంవత్సరం వేడుకలు అయిపోయాక వచ్చిన ఆదివారం మేము ఎక్కాం. కాలేజీ పిల్లలు, ఇద్దరు నర్సులు, రిటైరైన టీచర్లు కొందరు. నేను బ్యాంకు ఉద్యోగిని. ఇలాంటి పనికి మనుషుల్ని పోగుచేయడం కష్టమేమీ కాదు, ఒక్క మెసేజ్ పెడితే వస్తారు. చేతులకు రబ్బరు తొడుగులు, బియ్యం సంచులు, గాజుపెంకుల కోసం గోనె సంచులు, తాళ్ళు మోసుకెళ్ళాం. చెత్త తీసుకెళ్ళడానికి మధ్యాహ్నానికల్లా ట్రాక్టర్ పంపిస్తామని ఒక ఆఫీసువాళ్ళు ముందే మాటిచ్చారు. కాగితం కూడా ఇచ్చారు.

పైన నిలబడితే చెత్త అంతగా కనిపించదు. అంచు దాటి కిందికి తొంగి చూస్తే తెలుస్తుంది. జనం తాగినవీ తిన్నవీ వాలులోకి విసిరేస్తారు. అక్కడ చెత్త పొరలు పొరలుగా ఉంది. పైపొర ఆ వారం వేడుకలది. కేకు పెట్టె అట్టలు, నురుగు కొట్టే డబ్బాలు, టీ కప్పులు, పసిపిల్లల డైపర్లు. దాని కింద వానలకు మట్టిలో కూరుకుపోయిన పాత చెత్త. ఒక చిప్స్ కవరు లాగితే గడ్డి వేళ్ళతో సహా ఊడి వచ్చింది. మట్టి తుడిచి చూశాను. తయారైన తేదీ చక్కగా చదవడానికి వస్తోంది, నాలుగేళ్ళ కిందటిది. రంగు కూడా వెలవలేదు.

అన్నిటికంటే మమ్మల్ని ఏడిపించినవి పార్టీ పాపర్లలోంచి రాలే మెరుపు ముక్కలు. గోరంత ఉంటాయి. మంచుకు తడిసి గడ్డిపరకలకు అతుక్కుపోతాయి. తొడుగులతో అవి చేతికి దొరకవు. పిల్లలు తొడుగులు తీసేసి, చలికి కొంకర్లు పోయిన వేళ్ళతో ఒక్కొక్కటే గిల్లి తీశారు. గంటసేపు నలుగురు ఏరితే వచ్చింది దోసెడు. పుట్టినరోజు పేరిట అర నిమిషం సరదాకు వాటిని పేల్చినవాళ్ళను తెచ్చి ఆ గడ్డిలో కూర్చోబెట్టాలనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

గాజుపెంకులు తీసే పని పెద్దవాళ్ళమే చేయాలని, పిల్లలు వాలులోకి దిగకూడదని ముందే అనుకున్నాం. అయినా ఎండ ఎక్కేలోపు ప్రమాదం జరిగిపోయింది. ఒక అమ్మాయి, డిగ్రీ రెండో సంవత్సరం, పై అంచునే సంచి మూతి కడుతూ తడి గడ్డి మీద జారింది. ఆపుకోవడానికి చెయ్యి నేలకు ఆనించింది. గడ్డిలో పగిలిన బీరు సీసా అడుగు నిటారుగా ఉంది. తొడుగును చీల్చుకుని అరచేతిలో దిగింది. ముందు ఆ పిల్ల అరవలేదు. "సార్, ఏదో గుచ్చుకుంది" అని చెయ్యి చూపించింది. మణికట్టు దాకా ఎర్రగా అయిపోయింది. నర్సమ్మ చున్నీ చింపి గట్టిగా కట్టి, చెయ్యి తలకంటే ఎత్తున పట్టుకోమంది. అలాగే పట్టుకుని, ఇద్దరి భుజాల మీద ఆనుకుంటూ రాళ్ళ దారిలో కొండ దిగింది. కింద టీ అమ్ముకునే కుర్రాడు మారుమాటాడకుండా బండి తీసి, వెనక నర్సమ్మను పెట్టుకుని, పాడేరు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. కుట్లు పడ్డాయి. చిటికెన వేలికి స్పర్శ వెంటనే రాలేదు. వాళ్ళ నాన్నకు ఫోన్ చేసి చెప్పిన ఆ నాలుగు మాటలంత బరువైన మాటలు నా జన్మలో ఎప్పుడూ మాట్లాడలేదు.

మిగిలినవాళ్ళం పని ఆపలేదు. కోపంతోనే చేశామేమో. సంచులన్నీ కిందికి దించేసరికి పొద్దు వాలింది. నీళ్ళ సీసాలు చాలావాటిలో సగం నీళ్ళుంటాయి, కొన్నిటిలో మూత్రం. అవి ఒంపకపోతే సంచి మోయలేం, అందుకే ఒక్కొక్క మూతా తీశాం. ట్రాక్టర్ జాడ లేదు. మాటిచ్చినవాళ్ళ ఫోను మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. చివరికి ఒకాయన ఎత్తి, ఆదివారం డ్రైవరు లేడు, అక్కడే పెట్టేసి వెళ్ళండి, చూద్దాం అన్నాడు.

అప్పుడు గూడెంలోంచి ఒక పెద్దావిడ వచ్చింది. సంచుల కుప్ప దగ్గర్లోనే వాళ్ళ కాఫీ కళ్ళం. పళ్ళు ఆరబోసుకునే రోజులవి. ఆవిడ సంచుల చుట్టూ ఒకసారి తిరిగి మా ముందు నిలబడింది.

"ఏటి బాబూ, మూటలన్నీ ఈడ ఎట్టీసి ఎలిపోతారేటి? మీరటు ఎల్లగానే కుక్కలు లాగేత్తాయి. గొడ్లు తినేత్తాయి. పోయినేడు మీలాటోళ్ళే ఒచ్చి ఎట్టీసి పోనారు. మా ఆవు ఆ కవర్లు తిని సచ్చిపోనాది."

"లేదమ్మా, తీసుకెళ్ళిపోతాం" అన్నాను.

"ఆళ్ళూ అదే అన్నారు."

ఆ మాటకు బదులు చెప్పడానికి ఏమీ లేదు. కొండ మీది చెత్తను కొండ కింది ఊరి గుమ్మంలోకి చేర్చడమే మా సేవ అయితే, పైనే వదిలేసినా పోయేది. బస్సుకు వెళ్ళాల్సిన పిల్లల్ని పంపించేసి కొందరం ఉండిపోయాం. ఆ రాత్రి సంచులకు కాపలా కాశాం. పాడేరు కొండల్లో జనవరి చలి ఎముకల్లోకి దిగుతుంది. ఆ పెద్దావిడే కట్టెలూ, రాగి అంబలీ పంపించింది. కుక్కలు మాటిమాటికీ వచ్చాయి. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం.

తెల్లారి సొంత డబ్బుతో బొలేరో మాట్లాడుకుని ఘాట్ దిగాం. కింద ఒక ఊరి బయట చెత్త యార్డు దగ్గర, ఇది ఏ పంచాయతీ చెత్త, మాకు సంబంధం లేదన్నారు. గేటు ముందు మధ్యాహ్నం దాకా నిలబడ్డాం. అక్కడి పారిశుద్ధ్య కార్మికురాలు మా చేతులు చూసి లోపలికెళ్ళి ఎవరితోనో గొడవపడి గేటు తీయించింది. నీళ్ళ సీసాలు, పగలని బీరు సీసాలు పాత సామాన్ల కొట్టువాడు కొనుక్కున్నాడు. చిప్స్ కవర్లు మాత్రం ఎవరికీ అక్కర్లేదు. ప్లాస్టిక్కూ అల్యూమినియం పొరా కలిపి అతికించిన ఆ కవర్లను విడదీసి కరిగించడం లాభసాటి పని కాదు. సిమెంటు ఫ్యాక్టరీల కొలిముల్లో ఇంధనంగా కాలుస్తారు. దానికైనా పొడిగా ఉండాలి, మట్టి ఉండకూడదు, ఎవరో ఒకరు అక్కడిదాకా చేర్చాలి. 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించిన వాటిలో ప్లాస్టిక్ స్పూన్లు, ప్లేట్లు, గ్లాసులు, స్ట్రాలు ఉన్నాయి. నీళ్ళ సీసాలు, చిప్స్ కవర్లు లేవు. మా సంచుల్లో ఎక్కువ భాగం ఆ రెండే.

ముంబైలో అఫ్రోజ్ షా అనే న్యాయవాది 2015లో వెర్సోవా బీచ్ శుభ్రం చేయడం మొదలుపెట్టారు. మరుసటి ఏడాది ఐక్యరాజ్యసమితి పర్యావరణ పురస్కారం ఇచ్చింది. అంతటి మనిషి కూడా 2017లో కొన్నాళ్ళు పని ఆపేశారు. వలంటీర్లను వేధించడం ఒక కారణం, పోగుచేసిన చెత్తను అధికారులు ఎత్తించకపోవడం ఇంకో కారణం. ఆ సంగతి నేను తర్వాత చదివాను. చదివి ఊరట పడలేదు, ఇంకా మండింది.

ఇప్పుడు మేము బండికి ముందే అద్దె కట్టి, డ్రైవరును వెంటపెట్టుకునే బయల్దేరుతున్నాం. అందరూ ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకుంటున్నారు. ఆ అమ్మాయి చెయ్యి మానింది, పెన్ను పట్టుకుంటోంది. వాళ్ళ నాన్న మళ్ళీ పంపనన్నారు, ఆయన్ని తప్పుపట్టను. కొండ కింద తలుపూ తాళమూ ఉన్న ఒక షెడ్డు, వారానికి రెండుసార్లు వచ్చే బండి ఒకటి కావాలని గూడెంవాళ్ళతో కలిసి అర్జీ రాశాం. మొదటి వేలిముద్ర ఆవు పోగొట్టుకున్న ఆ పెద్దావిడదే. జవాబు రాలేదు. ఈ నెలలో మళ్ళీ వెళ్ళి అడుగుతాం.