సుద్దగీతల మధ్య 2,155

ఆదివారం పొద్దున గచ్చిబౌలి దగ్గరి ఆ సైకిల్ షాపుకు నేను వెళ్లేసరికి మెకానిక్ నేల మీద సుద్దముక్కతో గీత గీస్తున్నాడు. ఒక కుర్రాడు సైకిల్ ఎక్కి, గోడ పట్టుకుని కూర్చున్నాడు. ముందు చక్రం వాల్వు గీతకు ఎదురుగా వచ్చాక మెకానిక్ సైకిల్‌ను మెల్లగా ముందుకు నడిపించాడు. ఒక చుట్టు పూర్తయి వాల్వు మళ్లీ కిందికొచ్చిన చోట ఇంకో గీత గీశాడు. టేపు పెట్టి కొలిస్తే 2,155 మిల్లీమీటర్లు వచ్చింది.

"ఎక్కి కూర్చోవాల్నా అన్నా? ఉత్తగ నెడితే సరిపోదా?"

"నీ బరువుకు టైరు అణుగుతది తమ్ముడూ. రోడ్డు మీద నువ్వు లేకుండ సైకిల్ పోదు గదా!"

ఆ కుర్రాడు తొక్కడం మొదలుపెట్టి నెల రోజులైంది. హ్యాండిల్‌కు చిన్న వైరు కంప్యూటర్ బిగించుకున్నాడు. అది దూరం తక్కువ చూపిస్తోందని, జీపీఎస్ ఉన్నది కొనాలని వచ్చాడు. మెకానిక్ కొత్తది అమ్మే ముందు పాతదాని సెట్టింగు తెరిచి చూశాడు. అందులో చుట్టుకొలత 2,050 అని ఉంది. అది 26 అంగుళాల చక్రానికి సరిపోయే అంకె. ఆ లెక్కన 23 కిలోమీటర్లు తొక్కితే 21.9 మాత్రమే కనిపిస్తుంది. యంత్రంలో లోపమేమీ లేదు.

ఈ వైరు కంప్యూటర్ పనిచేసే పద్ధతి చాలా పాతది. 1895లో అమెరికాలో కర్టిస్ వీడర్ తయారుచేసిన సైక్లోమీటర్‌లో పుల్లకు బిగించిన మేకు, చక్రం తిరిగిన ప్రతిసారీ ఒక చిన్న పళ్లచక్రాన్ని తట్టేది. ఇప్పుడు మేకు స్థానంలో అయస్కాంతం, పళ్లచక్రం స్థానంలో ఫోర్కు మీద సెన్సర్ వచ్చాయి. రెంటి మధ్య ఎడం 5 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే వేగం సున్నాకు పడిపోవచ్చు. నాణెమంత బ్యాటరీ వేస్తే నెలల తరబడి చూసుకోనక్కర్లేదు.

మరి జీపీఎస్ ఎందుకు? అది వెళ్లిన దారిని దాచుకుంటుంది, తెలియని ఊళ్లలో మలుపులు చెబుతుంది. గార్మిన్, వాహూ, బ్రైటన్ లాంటి కంపెనీల కంప్యూటర్లలో చాలావాటికి గుండె వేగం కొలిచే పట్టీని కూడా కలుపుకోవచ్చు. అయితే జీపీఎస్‌కు ఆకాశం కనబడాలి. 2023 అక్టోబరులో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన మొదలైన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌ను సోలార్ పలకల పైకప్పుతో కట్టారు. అలాంటి కప్పు కింద సిగ్నల్ బలహీనపడే వీలుంది. చక్రం మీది అయస్కాంతానికి ఆ బెడద లేదు. రోజూ ఆ ట్రాక్ మీదే తొక్కే కొత్తవాళ్లకు మామూలు వైరు కంప్యూటరే నమ్మకమైనదని నేను గట్టిగా చెబుతాను.

బ్రెవేలకు, అంటే గడువులోగా ముగించాల్సిన దూరపు సైకిల్ ప్రయాణాలకు, వెళ్లేవాళ్ల సంగతి వేరు. 200 కిలోమీటర్ల బ్రెవే పూర్తిచేయడానికి పదమూడున్నర గంటల గడువుంటుంది. దారి వివరాలు ముందే ఇస్తారు, వాటిని చూసుకుంటూ పోవాలి. అక్కడ జీపీఎస్ నిజంగా ఆదుకుంటుంది. కానీ దాని బ్యాటరీ పన్నెండు గంటలకే అయిపోతే చివరి గంటన్నర చీకట్లో దారి అడుక్కుంటూ పోవాల్సిందే! అందుకే కొనేటప్పుడు తెర ఎంత పెద్దదో చూసేకంటే బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందో ముందు అడగాలి. ఎండలో అంకెలు కనిపిస్తాయో లేదో షాపు బయటికి తెచ్చి చూడాలి. చాలామంది ఏసీ గదిలో చూసి మురిసిపోయి కొనేస్తారు.

ఫోన్‌నే హ్యాండిల్‌కు తగిలించుకుంటే చాలదా అని కుర్రాడు అడిగాడు. "పడ్డప్పుడు ఇంటికి ఫోన్ చేసేటందుకు చార్జింగ్ ఉండాలె గదా" అన్నాడు మెకానిక్.

చివరికి ఆ కుర్రాడు కొత్త కంప్యూటర్ కొనలేదు. 2,155 అని నొక్కించుకుని, దాచుకున్న డబ్బుతో హెల్మెట్, వెనక ఎర్రలైటు తీసుకున్నాడు. మీరు ఏ కంప్యూటర్ కొన్నా సరే, చక్రానికి సెన్సర్ ఉన్నదైతే మొదటి రోజే సుద్దముక్క పట్టండి. టైరు సైజు మార్చిన రోజు మళ్లీ కొలవండి.